రంగు పోయే గాజు

గాజుని అడ్డంగా కోసి సూక్ష్మదర్శిని కింద పెట్టగానే హైమావతికి ఒళ్ళు మండిపోయింది. లోపలున్న జీవులన్నీ చచ్చిపడి ఉన్నాయి. నాలుగైదు రోజుల కిందట చచ్చినవైతే తడిగా ఉండేవి, ఇవి ఎండి పొరలు పొరలుగా ఊడిపోతున్నాయి. కనీసం మూడు వారాలై ఉంటుంది. ఇదే గాజు మొన్న సోమవారం సాయంత్రం దాకా గెడ్డపాలెం నూకరత్నం చేతికి ఉందనీ, చక్కటి ఎరుపులో ఉందనీ ఆస్పత్రి కాగితంలో సంతకంతో సహా రాసి ఉంది. ఆ ఎరుపు చూసే నర్సు ఆమెకి పెన్సిలిన్ ఎక్కించలేదు. సోమవారం పుట్టిన మగపిల్లవాడు బుధవారం పొద్దున చనిపోయాడు. వాడి రక్తం తెచ్చి పెంచితే పళ్ళెం నిండా గ్రూప్ బి స్ట్రెప్ అనే బాక్టీరియా మొలిచింది.

"అబద్ధం," అంది హైమ పైకే. ల్యాబులో వినేవాళ్ళెవరూ లేరు. "బతికున్న మనిషి చేతి మీద ఇవి ఇలా చావవు."

ఆ సంగతి ఆమెకంటే బాగా తెలిసినవాళ్ళు విశాఖపట్నంలోనే కాదు, ఎక్కడా లేరు. ఆ జీవుల్ని ఏడేళ్ళుగా సాకింది ఆమే.

గ్రూప్ బి స్ట్రెప్ మామూలుగా తల్లిని ఏమీ చెయ్యదు. పేగుల్లో, జననమార్గంలో చడీచప్పుడు లేకుండా కూర్చుంటుంది. జ్వరం రాదు, నొప్పి ఉండదు, ఉన్నట్టే తెలియదు. అది ఉన్న తల్లుల బిడ్డల్లో ఎక్కువమందికి ఏమీ కాదు కూడా. కొద్దిమందికి మాత్రం పుట్టేటప్పుడు అంటుకుని రెండు రోజుల్లో నిండుప్రాణం తీసుకుపోతుంది. కాన్పుకి నాలుగు గంటల ముందు తల్లికి పెన్సిలిన్ ఎక్కిస్తే చాలావరకు ఆగిపోతుంది. ఎవరికి ఎక్కించాలో తెలియడమే కష్టం. తెలియాలంటే తొమ్మిదో నెలలో దూదిపుల్లతో పరీక్ష చెయ్యాలి, దాన్ని పట్నం పంపాలి, రెండు రోజులు ఆగాలి. చెప్పుకోడానికి సిగ్గుపడే చోట పుల్ల పెట్టనిచ్చేవాళ్ళు తక్కువ. పల్లెల్లో ల్యాబులు అంతకంటే తక్కువ.

అందుకే ఈ గాజు. సన్నటి బోలు గాజు, లోపల ఎర్రటి జిగురు, ఆ జిగురులో హైమ పెంచిన జీవులు. చర్మానికి ఆనే వైపు కంటికి కనబడని రంధ్రాలుంటాయి. ఒంట్లో స్ట్రెప్ చేరితే దాని తాలూకు తునకలు చెమటలో వస్తాయి. ఆ రుచి తగలగానే ఈ జీవులు ఎరుపుని తినెయ్యడం మొదలుపెడతాయి. రెండు రోజుల్లో గాజు మంచినీళ్ళలా తేలిపోతుంది. నొప్పులతో వచ్చిన మనిషి చేతికి ఎర్రగాజు ఉంటే మామూలు కాన్పు, తెల్లగాజు ఉంటే పెన్సిలిన్. చదువురాని ఆయా కూడా గుమ్మంలోంచే చూసి చెప్పెయ్యగలదు.

అనుమతి ఇచ్చిన పెద్దలు పెట్టిన షరతు ఒకటుంది. మనిషి తయారుచేసిన జీవి బయట బతక్కూడదు. ఒంటి వేడి తగలకపోతే గంటలోపు చచ్చిపోయేలా హైమ వాటిని మలిచింది. చచ్చాక ఆ గాజు ఎవరి చేతికి తొడిగినా ఎర్రగానే ఉండిపోతుంది.

హైమ ముక్కల్ని భూతద్దం కింద తిప్పింది. లోపలి అంచున ఆవగింజంత అంకెలు. నూకరత్నానికి ఇచ్చిన గాజు నంబరు రెండు వందల ముప్ఫై ఒకటి. దీని మీద ఉన్నది నూట ఎనభై ఎనిమిది. రిజిస్టరు తిరగేసింది. నూట ఎనభై ఎనిమిది అదే గెడ్డపాలెంలో సత్యవతి అనే అమ్మాయిది. ఆ అమ్మాయి కాన్పై నెల దాటింది.

మర్నాడు ఆదివారమైనా జీపు తీయించింది. దారి పొడుగునా ఏమేం తిట్టాలో కూర్చుకుంటూనే ఉంది. ఎంత నిర్లక్ష్యం! ఎన్నిసార్లు చెప్పాం, బొమ్మలు గీసి చూపించాం, చేతులు పట్టుకుని చెప్పాం! ఆస్పత్రి బీరువాలో పెన్సిలిన్ సీసాలు చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉన్నాయి. నొప్పులు పొద్దున ఎనిమిదింటికి మొదలైతే బిడ్డ పుట్టింది సాయంత్రం నాలుగున్నరకి. కావలసినంత టైముంది. ఒక్క గాజు సరిగ్గా ఉంచుకుని ఉంటే ఆ పిల్లవాడు ఇవాళ పాలు తాగుతూ ఉండేవాడు.

గెడ్డపాలెం చేపలవాళ్ళ ఊరు. ఇసకలోకి లాగిన పడవలు, ఎండ తగిలేలా పరిచిన వలలు, తడికల మీద ఎండుతున్న సావిళ్ళ చేపలు. నూకరత్నం ఇంటి తలుపు ఓరగా వేసి ఉంది. సందులోంచి చూస్తే గోడవైపు తిరిగి పడుకున్న పిల్ల కనిపించింది. పాలు పొంగకుండా రొమ్ముల చుట్టూ గుడ్డ బిగించి కట్టారు. ఇరవై రెండేళ్ళుంటాయేమో. హైమ కూర్చుకున్న తిట్లన్నీ మింగేసి పక్కకి తప్పుకుంది.

బయట ఆమె అత్త పోలమ్మ చేపలు తిరగేస్తోంది. యాభై దాటిన మనిషి, బోసి చేతులు.

"అమ్మా, సత్యవతి గాజు మీ కోడలి చేతికి ఎలా వచ్చింది?"

పోలమ్మ ఏ గాజని అడగలేదు. ఇంట్లోకి ఒకసారి చూసి, హైమ జబ్బ పట్టుకుని పడవల వెనక్కి లాక్కుపోయింది.

"నెమ్మదిగా మాటాడు తల్లీ. లోపల పడుకుంది. నానే మార్సినాను."

"మీరు మార్చారా?" హైమ గొంతు తనకి తెలియకుండానే లేచింది. "ఎవరు మార్చమన్నారు? గాజు రంగు పోతే పరిగెత్తుకు రమ్మన్నామా లేదా? అది మందు పెట్టాలని చెప్పే గుర్తమ్మా! మీరు ఆ గుర్తు తీసేసి, మందక్కర్లేని మనిషి గాజు తెచ్చి తొడిగారు. మీ మనవణ్ణి..."

"అను. నానే సంపీసినానను." పోలమ్మ ఇసకలో కూలబడింది. "నా కొడుకు ఏటకెల్లిన నాలుగో దినం, కానుపుకి ఇంకా నాలుగు దినాలుంది. పొద్దున్న కోడలు అంట్లు తోముతుంటే సూసినాను. సేతికి గాజు లేనట్టే ఉంది. రంగంతా పోనాది, నీళ్ళలాగైపోనాది. నాకు కాళ్ళూ సేతులూ ఆడనేదమ్మా. దాని మొగుడు సముద్రం మీదున్నాడు, దీని సేతి గాజుకి రంగు పోనాది. పొరుగోళ్ళు సూస్తే ఏటంటారు? ఆల్లనకపోయినా నా పేణం ఊరుకుంటాదా? మా ఇంటాయన పోయిన పదో దినాన నా రెండు సేతులూ రాయి మీద ఎట్టి గాజులు బద్దలు కొట్టినారు. అప్పుటికి నాకు ఇరవై మూడు."

హైమ ఆ బోసి చేతుల వైపు చూసింది.

"సుకంగా కన్న మనిషి గాజు కడుపుతో ఉన్నదానికి తొడిగితే కానుపు సులువవుతాదని మా పాలెంలో ఉన్నదే. నా అత్త నాకు అలగే తొడిగింది. సత్తివతి సుకంగా కన్నాది. దాని గాజు ఎర్రగా నిగనిగలాడతంది. రెండు విదాలా మంచిదే కదా అనుకున్నాను. మద్దినేళ కోడలు కునుకు తీస్తంటే సబ్బునీళ్ళు రాసి తీసీసి, ఇది ఎక్కించీసినాను."

"మరి నర్సుకి ఒక్క మాట చెప్పొచ్చు కదమ్మా! రంగు పోయిందని ఒక్క మాట!"

"సెప్పితే గాజెందుకు తీసినావని తిడతారు కదా." పోలమ్మ మొదటిసారి తలెత్తి సూటిగా చూసింది. "అయినా ముందే అడిగినాను కదమ్మా. తుఫాను సెల్టరు కాడ మీరు మీటింగు ఎట్టినప్పుడు నానే లెగిసి అడిగినాను. కడుపుతో ఉన్న మనిషి సేతికి రంగు పోయే గాజేటమ్మా, ఇంకో రంగుకి మారితే సాలదా అని. నువ్వు నవ్వినావు. నువ్వు నవ్వితే అందరూ నవ్వినారు."

నవ్వింది. హైమకి అంతా గుర్తొచ్చింది. తుఫాను షెల్టరు అరుగు మీద ముప్ఫై మంది ఆడవాళ్ళు, వెనక వరసలో లేచి నిలబడ్డ ఒక పెద్దావిడ. 'గాజు రంగుకీ మగవాళ్ళ ప్రాణానికీ సంబంధం లేదమ్మా, అవన్నీ పాతకాలం మాటలు' అని తను చాలా తియ్యగా, చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పింది. తర్వాత నోటు పుస్తకంలో రాసుకుంది కూడా: 'వృద్ధ మహిళ. మూఢనమ్మకం. అవగాహన కల్పించాలి.' ఆ ముక్క రాసి ఎంత గొప్పగా ఫీలయిందో తలుచుకుంటే ఇప్పుడు తన చెంప తనే వాయించుకోవాలనిపించింది.

పోలమ్మ కొంగు ముడి విప్పి తెల్లగాజు తీసి ఇచ్చింది. రెండు వందల ముప్ఫై ఒకటి. గాజు తన పని తాను చేసింది. కాన్పుకి నాలుగు రోజుల ముందే చేసింది.

"నా కోడలికి సెప్పకు తల్లీ. తెలిస్తే నా మొకం సూడదు. నాకున్నది ఆల్లిద్దరే."

హైమ తెల్లగాజుని సంచిలో వేసుకుంది. జీపెక్కింది.

ఆ తర్వాత మూడు రోజులు ఆమె నిద్రాహారాలు మాని పల్లెలు తిరిగింది. అప్పటికి కాన్పులైన మూడు వందల పన్నెండు మంది గాజులూ తెప్పించి నంబర్లు సరిచూసింది. పందొమ్మిది గాజులు ఎవరివి వాళ్ళవి కావు. ఆ పందొమ్మిది ఇళ్ళకీ వెళ్ళింది. కొండకింద రైతుల ఇళ్ళు, జీడితోటల కూలీల ఇళ్ళు, రైల్వే క్వార్టర్లు. కొందరు బియ్యం డబ్బాలోంచి, కొందరు పరుపు కిందనుంచి తీసి ఇచ్చారు. పందొమ్మిదీ నీళ్ళలా తెల్లగా ఉన్నాయి. ఒక చోట అత్త మార్చింది, ఒక చోట కన్నతల్లే మార్చింది, ఒక చోట టీచరుగా పనిచేస్తున్న గర్భిణి తనంతట తనే మార్చుకుంది. మిగతావాళ్ళలో గాజు తెల్లబడినవాళ్ళకి మందు అందింది, ఈ పందొమ్మిది మందికీ అందలేదు. పద్ధెనిమిది మంది పిల్లలు బతికారంటే వాళ్ళ అదృష్టమే తప్ప ఇందులో హైమ గొప్పతనం ఏమీ లేదు. గెడ్డపాలెం పిల్లవాడికి ఆ అదృష్టం లేకపోయింది.

కాగితాలన్నీ ప్రొఫెసర్ చక్రపాణి బల్ల మీద పెట్టింది. పరిశోధనా కేంద్రానికి ఆయనే పెద్ద. హైమకి పాఠాలు చెప్పినవాడు. ఆయన పేజీ తర్వాత పేజీ తిప్పుతుంటే మొహం విప్పారుతూ వచ్చింది.

"హైమా! అంటే గాజు ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు!"

"పిల్లాడు చచ్చిపోయాడు సార్."

"పాపం, కాదనడం లేదు. కానీ మన గాజు వల్ల కాదు కదా. ఈ పందొమ్మిదినీ కూడా అది పట్టుకుంది. నూటికి నూరు! నియమం తప్పినవాళ్ళని లెక్కలోంచి తీసేద్దాం. వాడకంలో లోపం, అంతే. శుక్రవారం పదింటికి కమిటీ ఉంది. వాళ్ళు సరేనంటే నలభై వేల గాజులు జిల్లాలకి వెళ్తాయి. నువ్వు ఆ ముసలావిడ దగ్గర వేలిముద్ర వేయించుకుని రా, తనే మార్చానని. ఆ కేసు మూసేద్దాం."

హైమకి నెత్తురు ఉడికింది. "పందొమ్మిది ఊళ్ళలో పందొమ్మిది మంది ఒకరికొకరు తెలియకుండా ఒకే తప్పు చేస్తే అది వాళ్ళ తప్పు ఎలా అవుతుంది సార్? గర్భిణి చేతి గాజుకి రంగు పోతే ఇంట్లోవాళ్ళ గుండెలు ఆగిపోతాయని మనకి తెలీదా? మనం ఏ దేశంలో పుట్టాం? పసుపు నుంచి ఆకుపచ్చకి మారే జీవుల్ని నేను మొదటే పెంచాను. మీరు వద్దన్నారు."

"దానికి రంగు తేలడానికి ఐదు రోజులు పట్టింది. పసుపూ ఆకుపచ్చా కలిసిపోయి దూరం నుంచి చూస్తే తెలిసి చచ్చేది కాదు. ఉన్న రంగు పోవడం తేలిక, కొత్త రంగు పుట్టించడం కష్టం. అప్పుడు నువ్వూ ఒప్పుకున్నావు."

"ఒప్పుకున్నాను. అదే నా ఏడుపు."

చక్రపాణి కళ్ళజోడు తీశాడు. ఆయనేం రాక్షసుడు కాదు, అదే వచ్చిన చిక్కు. "ఇప్పుడు రంగు మార్చాలంటే మళ్ళీ మొదట్నుంచీ రావాలి. ఏడాదిన్నర. ఆ ఏడాదిన్నరలో అసలు గాజే లేక పోయే పిల్లల మాటేమిటి? నూరు మందిలో ఆరుగురు మార్చుకున్నా మిగిలిన వాళ్ళకి మేలే కదా. లెక్క వేసి చెప్పు."

ఆ లెక్క కాదనలేనిదైనందుకు హైమకి ఇంకా మండింది. "అన్నాళ్ళూ దూదిపుల్లలిద్దాం," అంది. "ఆడవాళ్ళే చాటుకెళ్ళి తీసుకుని ఇస్తారు. మోసుకెళ్ళడానికి మనుషుల్ని పెట్టండి. కష్టమే. ఎర్రగాజు చూసి నర్సు నిశ్చింతగా కూర్చోవడం కంటే అది నయం. గాజు లేకపోతే ఆ రోజు నర్సు జ్వరం చూసేది, ఉమ్మనీరు ఎప్పుడు పోయిందో అడిగేది. మన ఎరుపు చూసి ఏమీ అడగలేదు."

"కమిటీకి అలా చెప్పాలంటే సాక్ష్యం కావాలి. ఆ ఇంటివాళ్ళు వచ్చి చెప్పాలి," అన్నాడు చక్రపాణి కళ్ళజోడు పెట్టుకుంటూ. "చెబుతారా?"

ఎటు తిరిగినా పోలమ్మ వేలిముద్ర దగ్గరికే వచ్చింది. ఆయనకి కేసు మూయడానికి కావాలి, ఈమెకి తెరవడానికి కావాలి. ఏ రకంగా వేసినా ఆ కోడలికి తెలిసిపోతుంది.

గురువారం మధ్యాహ్నం హైమ మళ్ళీ గెడ్డపాలెం వెళ్ళింది. పోలమ్మని పడవల వెనక్కి తీసుకెళ్ళి ఉన్న సంగతి ఉన్నట్టు చెప్పింది. "మీరు వద్దంటే నేను మీ పేరెత్తను. కానీ అప్పుడు ఇవే గాజులు నలభై వేలు వెళ్తాయి. మీలాంటి వాళ్ళు ఇంకా ఎంతమంది మారుస్తారో నాకు తెలీదు. నేను బతిమాలడం లేదమ్మా. మిమ్మల్ని బతిమాలే మొహం కూడా నాకు లేదు."

పోలమ్మ నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది. "నా కోడలికి ఏ మొకం ఎట్టుకుని సెప్పమంటావు..."

"నాకు తెల్దనుకున్నావేటి, అత్తా?"

ఇద్దరూ ఉలిక్కిపడి తిరిగారు. పడవ అంచు పట్టుకుని నూకరత్నం నిలబడి ఉంది. జుట్టు రేగిపోయి ఉంది. కళ్ళు మాత్రం పొడిగా ఉన్నాయి.

"ఆ మద్దినం నాను నిద్దరోనేదు. సబ్బునీళ్ళు సల్లగా తగిలితే మెలకువొచ్చింది. కళ్ళు మూసుకునే ఉన్నాను. గాజు ఈ ఎముక కాడ పట్టీసింది. నువ్వు లాగలేక అవస్త పడతన్నావు. నానే బొటనేలు లోపలికి ముడిసి ఇచ్చినాను."

పోలమ్మ కోడలి మణికట్టు వైపు చూసింది.

"తెల్లగాజు నీకన్నా ముందు నానే సూసినాను. తెల్లారగట్ల నీళ్ళు తోడతంటే సూసినాను. డాక్టరమ్మ సెప్పిన మందు మాట గుర్తుంది. అన్నీ గుర్తున్నాయి. సముద్రం మీద నా మావ ఉన్నాడు. నాకు బయమేసింది. ఆసుపత్రిలో నర్సమ్మ సెయ్యి సూసి ఎర్రగుంది అన్నప్పుడు కూడా నోరిప్పనేదు." ఆమె హైమ వైపు తిరిగింది. ఇప్పుడు గొంతులో నిప్పులున్నాయి. "మావొచ్చీసినాడు డాక్టరమ్మా. మంగళారం ఒచ్చినాడు, మంచిగా ఒచ్చినాడు. కొడుకుని ఒక్క పూట ఎత్తుకున్నాడు. బుదారం ఆడు పోనాడు. గాజు మార్సినందుకు మావొచ్చినాడా? మార్సినందుకు బిడ్డ పోనాడా? ఏది ఎందుకు జరిగిందో నాకిప్పుడు ఎవులు సెప్తారు? సదువుకున్నారు కదా, సెప్పండి!"

రెండోదానికి జవాబు హైమకి తెలుసు. మొదటిదానికీ తెలుసు. కానీ ఆ రెండు జవాబులూ కలిపి ఆ పిల్ల మొహం మీద పెట్టే ధైర్యం లేకపోయింది. "నా తప్పు," అంది. "ఆ రోజు మీ అత్త అడిగినప్పుడు నేను వినాల్సింది."

"ఇనాలి," అంది నూకరత్నం. ఓదార్పుగా అనలేదు. "మీటింగు ఎక్కడ? అత్తెందుకు, నానొస్తాను."

శుక్రవారం పొద్దున హైమ భర్త శేషగిరి సీలేరు వైపు ప్రయాణమయ్యాడు. కరెంటు టవర్లు ఎక్కి తనిఖీ చేసే ఉద్యోగం. కాఫీ చల్లారిపోయిందని ఊరికే అన్నాడు. "కాఫీ ఒక్కటే తక్కువైందా ఈ ఇంట్లో!" అని ఆమె గ్లాసు ఎత్తి సింకులో పడేసింది. అతను బూట్లు వేసుకుని, వెళ్ళొస్తానని చెప్పి వెళ్ళిపోయాడు. కమిటీ హాల్లోకి అడుగుపెట్టేటప్పుడు హైమకి ఆ సంగతి గుర్తొచ్చి ఇంకాస్త చిరాకేసింది.

పెద్ద బల్ల వెనక ఐదుగురు కూర్చున్నారు. మధ్యలో డాక్టర్ కామేశ్వరి, నలభై ఏళ్ళు కాన్పులు చేసి రిటైరైన మనిషి. ఆమె రెండు చేతులకీ బంగారు గాజుల మధ్య ఆకుపచ్చ మట్టిగాజులున్నాయి. ఆమె పక్కన న్యాయశాస్త్రం చెప్పే లెక్చరరు ఇందుమతి. మిగతా ముగ్గురూ మగవాళ్ళు. ఓ మూల గుమాస్తా కాగితాలు పరుచుకుని అందరూ అన్నవి రాసుకుంటున్నాడు. బల్ల మీద పళ్ళెంలో కొత్త గాజులు నమూనాకి పెట్టారు, కొన్ని ఎర్రవి, కొన్ని రంగు పోయినవి.

చక్రపాణి బాగా మాట్లాడాడు. ఎప్పుడూ బాగానే మాట్లాడతాడు. పందొమ్మిది కేసులూ తెర మీద చూపించి, "ఇవి పరికరం లోపాలు కావు, వాడకంలో లోపాలు," అన్నాడు. "కొన్ని నమ్మకాలు ఇంకా ఉన్నాయి. గోడల మీద బొమ్మలు వేయించి, గట్టిగా ప్రచారం చేస్తే పోతాయి." కమిటీలో తలలు ఊగాయి. హైమ లేచి తన నోటు పుస్తకం తెరిచింది. ఆ రోజు రాసుకున్న ముక్క ఒక్కటీ మార్చకుండా చదివింది. 'వృద్ధ మహిళ. మూఢనమ్మకం.' "ఆవిడ ఏడాది ముందే చెప్పింది. మేం వినలేదు. ఈ లోపం మాది," అంది. చక్రపాణి నేల చూపులు చూశాడు. కామేశ్వరి సానుభూతిగా తలాడించి, "మీ బాధ అర్థమైందమ్మా. కానీ మరీ అంత బలమైన నమ్మకమంటారా ఈ రోజుల్లో?" అంది.

హైమ నోరు తెరిచేలోపు వెనక కుర్చీలోంచి నూకరత్నం లేచింది. పోలమ్మ ఆమె కొంగు పట్టుకుని ఆపబోయింది, ఆగలేదు. తిన్నగా బల్ల దగ్గరికి వచ్చి, పళ్ళెంలోంచి తెల్లగాజు ఒకటి తీసి కామేశ్వరి ముందు పెట్టింది.

"తొడుక్కోండమ్మా."

"ఏమిటీ?"

"బోజనాల యేళ దాకా సాలు. ఇది రంగు పోయిన మీ గాజే అనుకోండి. కొత్తదే, ఎవులూ తొడగనిది."

కామేశ్వరి నవ్వింది. గాజు చేతిలోకి తీసుకుంది. అటూ ఇటూ తిప్పి చూసింది. ఆమె బొటనవేలు ఆకుపచ్చ గాజుల మీద ఒకసారి కదిలింది. నవ్వు అలాగే ఉంది గానీ గాజు మెల్లిగా బల్ల మీదకి దిగిపోయింది. "ఇప్పుడు దాని అవసరం ఏముందమ్మా, నువ్వు చెప్పేది అర్థమైంది," అంది.

నూకరత్నం గాజుని ఇందుమతి ముందుకి జరిపింది. ఇందుమతి వెనక్కి ఆనుకుని కూర్చుంది. "నాకు ఈ సైజు పట్టదు," అంది. గాజు ఆమె చేతికి వదులుగా పట్టేదని అందరికీ కనిపిస్తూనే ఉంది. మగవాళ్ళలో ఒకాయన నవ్వబోయి, ఎవరూ నవ్వకపోవడం చూసి దగ్గాడు.

నూకరత్నం గాజు తీసుకుని హైమ దగ్గరికి వచ్చింది.

"మీరు?"

ఇంతకంటే తేలికైన పని హైమకి ఎవరూ చెప్పి ఉండరు. ఈ గాజు ఆమె కడుపున పుట్టినట్టే. లోపల ఏముందో, ఏం లేదో అణువణువూ తెలుసు. రంగుకీ ప్రాణానికీ సంబంధం లేదని ముప్ఫై మంది ముందు నవ్వి మరీ చెప్పింది. ఎడమ చెయ్యి చాపింది. గాజు వేళ్ళ దాకా వచ్చింది. శేషగిరి ఈపాటికి టవరు మీద ఉంటాడు. పొద్దున సరిగ్గా మాట్లాడనైనా లేదు. అంత ఎత్తున, గాలికి, ఇనుప కమ్మీ పట్టుకుని...

చెయ్యి ఆగింది. రెండు క్షణాలో మూడు క్షణాలో, అంతే. తర్వాత ఆమె పళ్ళు బిగపట్టి గాజుని విసురుగా మణికట్టు దాకా తోసుకుంది. కానీ ఆ ఆగడం హాల్లో ప్రతి ఒక్కరూ చూశారు. చక్రపాణి చూశాడు, కామేశ్వరి చూసింది. హైమకి తన మీద తనకి అసహ్యం వేసి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

నూకరత్నం మొహంలో గెలిచిన సంతోషమేమీ లేదు. గుమాస్తా వైపు తిరిగి అతని కాగితం మీద వేలు పెట్టింది.

"రాసుకోండి బావూ. ఆళ్ళు రాసిన ఆ వాడకమో ఏదో, దాని కింద ఇది రాయండి. డాక్టరమ్మ సెయ్యి ఆగింది."

గుమాస్తా ఏం చెయ్యాలో తోచక కామేశ్వరి వైపు చూశాడు. ఆమె బల్ల మీదున్న తన చేతుల వైపు చూసుకుంది.

"కింద కాదు," అంది. "ఆ 'వాడకంలో లోపం' కొట్టేసి, దాని చోట రాయండి."